బాలబాలికలకు విలువిద్య నేర్పేటప్పుడు

విలువిద్య అనగానే మనవాళ్లకు మొదట జ్ఞాపకం వచ్చేది అర్జునుడూ, చెట్టుమీది పిట్టా. ద్రోణాచార్యులవారు కొమ్మ మీద బొమ్మపిట్టను పెట్టించి, శిష్యులను ఒక్కొక్కరినే పిలిచి, బాణం ఎక్కుపెట్టమని, నీకేమి కనిపిస్తోందని అడుగుతారు. ధర్మరాజు చెట్టు కనిపిస్తోందన్నాడు, పిట్ట కనిపిస్తోందన్నాడు, తమ్ముళ్లూ తమరూ కూడా కనిపిస్తున్నారన్నాడు. పక్కకు తప్పుకోమన్నారు గురువుగారు. అర్జునుడికి పిట్ట తల తప్ప మరేమీ కనిపించలేదు, పరీక్ష నెగ్గాడు. ఈ కథ చెప్పకుండా విలువిద్య మీద మాట్లాడిన వక్తను నేనింతవరకు చూడలేదు. నేనూ చెప్పేశాను. అయితే నేను చెప్పదలచుకున్నది దానికి రెండో వైపు. బాణం వేసే కుర్రవాడు అర్జునుడైతే సంతోషమే. కాని అతని వెనక ఈల పట్టుకుని నిలబడినవాడు మాత్రం ధర్మరాజై ఉండాలి. చెట్టూ, కొమ్మా, తమ్ముళ్లూ, చెట్టు వెనక దారిన పోయేవాళ్లూ అందరూ అతనికి కనిపిస్తూనే ఉండాలి. ఆ పరీక్షలో నేను ఒకసారి తప్పాను. ఆ సంగతి కాస్త ముందుకు వెళ్లాక చెబుతాను.

ఈ కళాశాలలోనే చదువుకుని, ఇప్పుడు వ్యాయామ విద్య బోధిస్తూ, వేసవి సెలవుల్లో మన మైదానంలో బడిపిల్లలకు విలువిద్య శిబిరం నడుపుతున్నవాణ్ణి కాబట్టి, సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు అడిగారు. శిబిరానికి వాలంటీర్లుగా వచ్చేది మీలోంచే గనుక ఈ నాలుగు మాటలు మీకే పనికొస్తాయి.

మన పిల్లలకు విల్లంటే ఉన్న మోజు గురించి వేరే చెప్పనక్కరలేదు. 1987–88లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చే రోజుల్లో మా వీధిలో చీపుళ్లన్నీ బాణాలైపోయాయి. ఆ పుల్లల్లో ఒకటి మా పక్కింటి కుర్రవాడి కంట్లో గుచ్చుకుంది. వేసింది నేను కాదు. పుల్ల చివర చెక్కి ఇచ్చింది నేను. ఇప్పుడు మోజుకు మరో కారణం కూడా ఉంది. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. అదే విజయవాడ నుంచి బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లి, అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ పోటీలో నాలుగో స్థానందాకా వచ్చాడు. పేపర్లో ఆ ఫొటోలు చూసి, మా అబ్బాయికి కూడా నేర్పండి సార్ అంటూ తల్లిదండ్రులు వస్తున్నారు. మంచిదే. కాని అదే దేశంలో 2017లో పశ్చిమ బెంగాల్లోని బోల్పూరులో, సాధన జరుగుతుండగా, తోటి కుర్రవాడు వేసిన బాణం పద్నాలుగేళ్ల అమ్మాయి మెడలో దూసుకుపోయింది. 2020 జనవరిలో అస్సాంలోని డిబ్రూగఢ్ జిల్లాలో పన్నెండేళ్ల అమ్మాయికి మెడ దగ్గర బాణం దిగబడింది. బాణం అలా ఉండగానే ఢిల్లీకి విమానంలో తీసుకుపోయి ఎయిమ్స్‌లో ఆపరేషన్ చేసి తీశారు. అదృష్టం బాగుండి ఇద్దరూ బతికారు. ఇద్దరూ తెలియక విల్లు పట్టుకున్న పిల్లలు కారు, శిక్షణ పొందుతున్నవాళ్లు. ఈ ముక్క మనం మరిచిపోకూడదు.

ఇక నా సంగతి. అది 2018 వేసవి. పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఎనిమిదిన్నరకు ముగించేవాళ్లం. ఎనిమిది టార్గెట్లు, గీత నుంచి పది మీటర్ల దూరం. మైదానం వెనక కాలువ గట్టుకు పోయే కాలిబాట ఒకటుంది, మీకు తెలుసు. శిబిరం రోజుల్లో దానికి రెండు కొసలా తాడు కట్టి ఎర్రగుడ్డ వేలాడదీయాలి. ఆ రోజు తూర్పు కొస కట్టాం. పడమటి కొసకు తాడు చాలలేదు. టిఫిన్ వేళకు తెచ్చి కడదాం లెమ్మన్నాను నేనే. పిల్లలు గీత మీద నిలబడ్డారు. ఈల వేశాను. ఒక కుర్రవాడి మోచెయ్యి వంకరగా ఉందని అటు తిరిగి సరిచేస్తున్నాను. అంతలో పడమటి వైపు నుంచి ఒకామె తలమీద గడ్డిమోపుతో బాటలోకి వచ్చింది. మోపు కిందికి వాలి ఉంది, ఆమెకు పక్కలు కనిపించవు. అదే క్షణాన మూడో టార్గెట్ కుర్రవాడి బాణం టార్గెట్ పై అంచు దాటి పోయింది. ఆమెకు రెండు బారల వెనక నేలకు తగిలి గడ్డిలోకి జారిపోయింది. ఆమె ఆగలేదు, తిరిగి చూడలేదు. ఆమెకు ఆ సంగతి ఇప్పటికీ తెలియదనే అనుకుంటాను.

నేను ఈల మీద ఈల వేసి అంతా ఆపించాక వెనక్కి తిరిగితే, వెయిటింగ్ లైన్లో ఏడో తరగతి అమ్మాయి ఒకతె చెయ్యెత్తి నిలబడి ఉంది. చెయ్యి ఇంకా దించలేదు. "ఆమెను చూశావా అమ్మా?" అన్నాను. "చూశాను సార్. మీరు రాంబాబుగాడికి చెబుతున్నారు కదా అని చెయ్యెత్తాను సార్" అంది. మాట్లాడాలంటే చెయ్యెత్తమని బళ్లో నేర్పింది మనమే. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అరవకూడదని ఇంట్లో నేర్పిందీ మనమే. ఆ పిల్ల తనకు నేర్పిన పద్ధతి తు.చ. తప్పకుండా పాటించింది.

ఆ సాయంత్రం మా ఫిజిక్సు మాస్టారు హాజరుపట్టీ వెనక వేసి చూపించిన లెక్క ఇక్కడ ఇస్తున్నాను. సైన్సు విద్యార్థులు సరిచూసుకోవచ్చు. 20 పౌన్ల విల్లును, అంటే తొమ్మిది కిలోల బరువు ఎత్తినంత బలంతో, రెండడుగులు వెనక్కి లాగితే అందులో నిలవ ఉండే శక్తి సుమారు 27 జౌళ్లు. అందులో 60 శాతం బాణానికి అందిందనుకుందాం. 20 గ్రాముల బాణం సెకనుకు 40 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. పది మీటర్ల టార్గెట్‌ను చేరడానికి దానికి పట్టేది పావు సెకను. ఇందులో మొదటి పాఠం ఉంది: బాణం వదిలిన తరువాత వేసే ఈల ఎవరినీ కాపాడదు. ఈల పని అంతా బాణం వదలక ముందే.

రెండోది కోణం సంగతి. పిల్లవాడి భుజం ఎత్తు 1.4 మీటర్లు అనుకుని, విల్లు 5 డిగ్రీలు పైకి లేచిందనుకోండి. 5 డిగ్రీలంటే చూసేవాడికి లేచినట్టే తెలియదు. పది మీటర్ల దగ్గర ఆ బాణం దాదాపు రెండు మీటర్ల ఎత్తున, అంటే సరిగ్గా టార్గెట్ పై అంచును రాసుకుంటూ పోతుంది. పోయి నేలను తాకేది 40 మీటర్ల దగ్గర. 10 డిగ్రీలైతే 60 మీటర్లు దాటుతుంది. విల్లు ఆకాశానికెత్తి 45 డిగ్రీల్లో వదిలితే, గాలి కొంత ఆపినా, ఫుట్‌బాల్ మైదానం పొడవు దాటి అవతల పడుతుంది. మా కాలిబాట గీత నుంచి ఎంత దూరమో మర్నాడు టేపు పెట్టి కొలిచాం: 39 మీటర్లు. పది మీటర్ల ఆట కదా, పిల్లల విల్లు కదా అన్న ధీమా ఆ టేపుతోనే పోయింది. టార్గెట్ ఎంత దూరమన్నది కాదు, తప్పిన బాణం ఎంత దూరమన్నదే మైదానానికి కొలత.

అందుచేత మొదట చూడవలసింది స్థలం. టార్గెట్ల వెనక మట్టిగట్టు ఉంటే అంతకంటే మేలైనది లేదు. గోడ మంచిది కాదు. బాణం తగిలి వెనక్కి ఎగరవచ్చు, చీలవచ్చు. గట్టు లేనిచోట వల కడతారు. చాలామంది వాలీబాల్ నెట్టులాగా బిగించి కడతారు, అది తప్పు. బిగువుగా ఉన్న వలను బాణం చీల్చుకుపోతుంది; వదులుగా, కింద నేలమీద జీరాడేట్టు వేలాడితే బాణం దాని మడతల్లో పడి చచ్చిపోతుంది. వల ఉన్నా వెనక స్థలం ఖాళీగానే ఉండాలి, రెండు పక్కలా కూడా. దారులన్నీ మూసి, ఒక్కొక్క దారి దగ్గర ఒక్కొక్క మనిషిని నిలబెట్టి, ఆ మనిషి చెయ్యి ఊపాకనే ఈల. ఇప్పుడు మా శిబిరంలో తాడు చాలకపోతే ఆ పూట శిబిరం లేదు.

దిక్కు కూడా చూసుకోవాలి. మన దేశం ఉన్న ఉత్తరార్ధగోళంలో మైదానం ఉత్తరముఖంగా వేస్తే, ఏ వేళప్పుడూ ఎండ కళ్లలో పడదు. పొద్దుటి శిబిరాల్లో తూర్పుకు వేయించారా, పిల్లవాడు కన్ను చికిలించుకుని వదిలేస్తాడు.

గీతలు రెండు గియ్యాలి. ముగ్గుపిండితోనో సున్నంతోనో, పెరేడ్ గ్రౌండు మీద గీసినంత స్పష్టంగా. ముందుది బాణం వేసే గీత, దానికి ఐదు మీటర్ల వెనక ఆగే గీత. తమ వంతు రాని పిల్లలు, బ్యాగులు, నీళ్ల సీసాలు, చూడ్డానికి వచ్చిన చిన్న తమ్ముళ్లు అంతా రెండో గీత వెనకనే. అందరూ ఒకే గీతమీద నిలబడి వెయ్యాలి. ఎనిమిదేళ్ల పిల్ల బాణం అందడం లేదంటే, జాలిపడి ఆ పిల్లను రెండడుగులు ముందుకు నిలబెడతారు కొందరు. అలా చేస్తే ఆమె పక్కవాళ్ల బాణాలకు ముందుకు వచ్చినట్టే. టార్గెట్‌ను జరపండి, పిల్లను జరపకండి.

ఈల భాష అంతర్జాతీయ పోటీల్లో ఉన్నదే నేర్పితే మంచిది; రేపు పిల్లవాడు ఏ మైదానానికి వెళ్లినా పనికొస్తుంది. రెండు ఈలలు: గీత మీదికి రండి. ఒక ఈల: వెయ్యవచ్చు. మూడు ఈలలు: అయిపోయింది, బాణాలు తెచ్చుకోండి. ఐదు, అంతకు మించి గబగబా: ఉన్నపళాన ఆపండి. ఐదు ఈలలు వినిపించినప్పుడు విల్లు సగం లాగి ఉన్న పిల్లవాడు ఏం చెయ్యాలి? బాణం వదలకుండా, టార్గెట్ వైపే ఉంచి మెల్లగా దించాలి. ఇది నోటితో చెబితే రాదు. మొదటి రోజు బాణం లేకుండా, వదలకుండా, లాగి దించడం పదిసార్లు చేయించాలి. వినికిడి తక్కువైన పిల్లలుంటే ఈలతోపాటు జెండా కూడా. ఈల ఒక్కరి దగ్గరే ఉండాలి. మా మొదటి సంవత్సరం ఇద్దరు వాలంటీర్ల మెడలో రెండు ఈలలుండేవి. ఒకరు ఆపమంటే ఒకరు వెయ్యమన్నారు. ఆ ముచ్చట అంతటితో మానేశాం.

బాణాలు వేసేటప్పటికన్నా, తెచ్చుకునేటప్పుడు ఎక్కువ భయపడాలని నేనంటే కొత్త వాలంటీర్లు నవ్వుతారు. ఆలోచించండి. వేసేటప్పుడు పిల్లలందరూ ఒకే గీతమీద, ఒకే వైపు చూస్తూ, నోరు మూసుకుని ఉంటారు. మూడు ఈలలు పడగానే అందరికీ హుషారు. ఎవరి బాణం ఎక్కడ దిగిందో చూడాలని పరుగు. టార్గెట్‌లో దిగిన బాణాల వెనక కొసలు పిల్లల కళ్ల ఎత్తుకే ఉంటాయి. పరుగెత్తి, తూలి, ఆ కొసమీద పడితే ఇంక చెప్పేదేముంది? అంచేత నడవాలి, పరుగు వద్దు; ఎదురుగా కాక టార్గెట్ పక్కనుంచి చేరాలి. పీకేది ఒక్కరే, మిగతావాళ్లు రెండడుగుల పక్కన. ఒక అరచెయ్యి కాగితం మీద ఆనించి, రెండో చేత్తో బాణాన్ని కాగితానికి దగ్గరగా పట్టుకుని, తన వెనక ఎవరూ లేరని తిరిగి చూసుకుని, అప్పుడు తిన్నగా లాగాలి. పట్టు వదిలి బాణం ఒక్కసారి ఊడివస్తే వెనక నిలబడ్డవాడి మూతికి తగులుతుంది. తెచ్చేటప్పుడు ములుకులు కిందికి, గుప్పిట్లో. ఇంత జరుగుతుండగా గీత దగ్గర ఎవరి చేతిలోనూ విల్లు ఉండకూడదు. స్టాండు మీదో తాడుకు తగిలించో ఉండాలి. ఊరికే లాగి చూస్తున్నాను సార్ అనేవాడు ప్రతి శిబిరంలోనూ ఒకడుంటాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు. విల్లు అందుబాటులో ఉంచినందుకు మనల్ని మనం తిట్టుకోవాలి.

గీతకు ముందు బాణం జారిపడితే వంగి తీసుకోవడం కూడా ఇలాంటిదే. కాలు కదపకుండా విల్లు కొసతో అందితే సరే, లేకపోతే మూడు ఈలల దాకా అది అక్కడే ఉంటుంది. పిల్లలకు ఇది ఎంత కష్టమో! కింద పడ్డ పెన్సిలు కోసం వంగినట్టు అలవాటుగా వంగిపోతారు.

సామాను విషయం క్లుప్తంగా చెబుతాను. పిల్లల విల్లు తేలికగా ఉండాలి. పదేళ్లవాళ్లకు 10 నుంచి 14 పౌన్లు, పద్నాలుగు పదిహేనేళ్లవాళ్లకు 16 నుంచి 20. బలం చాలని విల్లు ఇస్తే పిల్లవాడు దాన్ని పైకెత్తి, నడుము వంచి, వణుకుతూ లాగుతాడు. పైన చెప్పిన పది డిగ్రీలూ అక్కడినుంచే వస్తాయి. బాణం పొడవు అతను లాగేదానికన్నా రెండంగుళాలైనా ఎక్కువ ఉండాలి. పొట్టి బాణం వెనక్కి జారి, విల్లు పట్టుకున్న చేతిమీద దిగుతుంది. ఎదిగే వయసు పిల్లలు, నిరుడు సరిపోయిన బాణం ఈ ఏడు పొట్టిదవుతుందని గుర్తుంచుకోవాలి. కార్బన్ బాణాలైతే ప్రతిసారి రెండు కొసలూ పట్టుకుని, ముఖానికి దూరంగా, కొంచెం వంచి తిప్పి చూడాలి. చిట్లిన చప్పుడు వినిపిస్తే పక్కన పారెయ్యడం కాదు, అక్కడే విరిచెయ్యాలి; లేకపోతే పొదుపరి వాలంటీరు ఎవడో మళ్లీ పెట్టెలో వేస్తాడు. వెదురు బాణాలైతే నారి తగిలే కొస దగ్గర చీలిక చూడాలి. నారి పోగులు లేచిందేమో రోజూ చూడాలి. ఇక బాణం లేకుండా లాగి వదలడం. ఇందాకటి 27 జౌళ్లు బాణానికి పోవలసినవి, పోయే దారి లేక విల్లులోకే తిరిగి వస్తాయి. బద్ద పగులుతుంది, పెంకు ముఖానికి తగులుతుంది. పిల్లలకు కారణం చెబితే వింటారు. వద్దని మాత్రం అంటే, సార్ అటు తిరగ్గానే చేసి చూస్తారు.

బట్టల మాట. చున్నీ నడుముకు బిగించి కట్టుకోవాలి, జడ వెనక్కి ముడి. పొడుగు గొలుసులు, చేతిగాజులు తీసి అమ్మకో అక్కకో ఇచ్చి రావాలి. చొక్కా జేబులో పెన్ను ఉంటే నారి దానికి తట్టుకుంటుంది. ముంజేతికి ఆర్మ్ గార్డు, వేళ్లకు ట్యాబ్ లేకుండా ఒక్క బాణమూ వద్దు. కాళ్లకు బూట్లు. మా శిబిరానికి వచ్చే పిల్లల్లో సగంమంది హవాయి చెప్పులతో వస్తారు, కొందరు వట్టికాళ్లతో. గడ్డిలో తప్పిపోయిన బాణం ఏటవాలుగా దిగి ఉంటుంది, దాని వెనక కొస పాదానికి ఎదురుగా. పూర్వ విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ పిల్లలకు పొట్టివైన కాన్వాసు బూట్లు పారెయ్యకుండా మా వ్యాయామ విభాగానికి పంపండి. విల్లులకు విరాళమిచ్చేవాళ్లు దొరుకుతున్నారు గాని బూట్లకు దొరకడం లేదు.

పిల్లల తీరు తెలిస్తే సగం ప్రమాదాలు ముందే పసిగట్టవచ్చు. ఏ కన్ను ముఖ్యమో మొదటిరోజే చూడాలి. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న స్తంభాన్ని ఆ సందులోంచి రెండు కళ్లతో చూసి, ఒక్కొక్క కన్నే మూయమనాలి. ఏ కన్ను మూస్తే స్తంభం మాయమవుతుందో అదే ముఖ్యమైన కన్ను. కుడిచేతివాటం పిల్లకు ఎడమకన్ను ముఖ్యమైతే బాణాలన్నీ పక్క టార్గెట్‌లోకి పోతాయి; మనమేమో శ్రద్ధ లేదంటాం. ఎడమచేతివాళ్లను గీత చివర నిలబెడితే పక్కవాళ్లతో మోచేతులు తగలవు. ఒక వంతుకు మూడు బాణాలు చాలు. ముప్పై నలభై బాణాల తరువాత చిన్నపిల్లల భుజం అలిసిపోతుంది. అలిసినవాడు చెప్పడు, పరువు తక్కువనుకుంటాడు. నవ్వడం మొదలుపెడతాడు, పక్కవాణ్ణి గిల్లుతాడు. అప్పుడు విల్లు తీసుకుని నీళ్లు తాగి రమ్మనాలి. గీతమీద ఎనిమిదిమందికి మించవద్దు. ఈల పట్టుకున్నవాడు కాక ఇద్దరు వాలంటీర్లు. ఈల పట్టుకున్నవాడు ఎవరి మోచెయ్యీ సరిచెయ్యకూడదు. అది నేను చేసిన తప్పు.

మోచెయ్యి సరిచేసే వాలంటీర్లకు ఒక మాట. పిల్లల ఒంటిమీద చెయ్యి వేసేముందు అడగండి: "భుజం కొంచెం దించుతానమ్మా, సరేనా?" అని. వద్దంటే మీ భుజం చూపించి చెప్పండి. ఆడపిల్లలున్న శిబిరంలో మహిళా వాలంటీరు ఉండి తీరాలి. ఏ పిల్లనూ ఒంటరిగా స్టోరు గదికి పంపకండి, మీరు ఒంటరిగా వెంట వెళ్లకండి. ఇది విలువిద్యకు సంబంధించింది కాదనుకునేవాళ్లు మా శిబిరానికి రానక్కరలేదు.

చేరేరోజే తల్లిదండ్రుల సంతకంతో కాగితం తీసుకుంటాం. అందులో ఫోను నంబరు, మూర్ఛ, ఉబ్బసం లాంటివి ఏమైనా ఉన్నాయా, కళ్లద్దాలు వాడతారా అని. ఆ కాగితాలు ఆఫీసు బీరువాలో కాదు, మైదానంలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె పక్కనే ఉండాలి. జరగకూడనిది జరిగి బాణం ఒంట్లో దిగితే, దయచేసి లాగకండి. చూస్తూ ఉండలేక లాగెయ్యాలనిపిస్తుంది. ఆ బాణమే లోపల తెగిన నరానికి అడ్డుగా ఉండవచ్చు. తీస్తే నెత్తురు ఆగదు. మనిషిని కదపకుండా, బాణం ఊగకుండా చుట్టూ శుభ్రమైన గుడ్డ మడతలు పెట్టి, 108కి ఫోను చెయ్యాలి. ఒకరు గేటు దగ్గర నిలబడి అంబులెన్సుకు దారి చూపాలి. ఒకరు మిగతా పిల్లలను చెట్టు కిందికి తీసుకుపోవాలి. ముఖ్యంగా ఆ బాణం వేసిన పిల్లవాడి పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాలి. మా పక్కింటి కుర్రవాడి కన్ను పోయిన రోజున పుల్ల వేసినవాడి పక్కన ఎవరూ కూర్చోలేదు. నా పక్కన కూడా.

గడ్డిమోపు సంఘటన తరువాత మేం కొత్తగా పెట్టుకున్న నియమం ఒక్కటే. మైదానంలో ఎవరైనా సరే, నిన్న చేరిన పిల్లయినా, మజ్జిగ తెచ్చిన వాచ్‌మన్ తాతయినా, ఏదైనా తేడా కనిపిస్తే గట్టిగా "ఆపు!" అని అరవాలి. "ఆపండి సార్" కాదు, "ఆపు". మర్యాద తరువాత చూసుకుందాం. ఆ మాట వినబడగానే ఎందుకని అడగకుండా అందరూ ఆపాలి, తరువాత నేను ఐదు ఈలలు వేస్తాను. పొరపాటున అరిచినా ఎవరూ నవ్వకూడదు, విసుక్కోకూడదు. చెప్పినంత మాత్రాన పిల్లలు అరవరు. మొదటిరోజు గుక్కతిప్పుకుని ఒక్కొక్కరిచేతా అరిపించాం. ఆడపిల్లలు సిగ్గుపడ్డారు, కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నారు. రెండోరోజు నుంచి, రోజూ ఒకసారి, ఎప్పుడో తెలియకుండా, ఒక వాలంటీరు టార్గెట్ల పక్కన ఎర్రగుడ్డ పడేస్తాడు. ఎవరు ముందు చూసి అరుస్తారో చూడాలి. మొదటి మూడురోజులూ చేతులే లేచాయి. నాలుగోరోజున ఆ ఏడో తరగతి అమ్మాయి అరిచింది. కాలువ గట్టు మీద పోతున్న సైకిలతను కూడా బ్రేకు వేశాడు.

ఆమె ఇప్పుడు మన కళాశాలలోనే డిగ్రీ చదువుతోంది. నిరుడు వేసవిలో శిబిరానికి వాలంటీరుగా వచ్చింది, పడమటి దారి దగ్గర తాడు కట్టే పని తనే అడిగి తీసుకుంది. సాయంత్రం సామాను లెక్క కూడా ఆమెదే. పొద్దున్న 48 బాణాలు ఇస్తే తిరిగి 47 వచ్చాయి ఒకరోజు. పొద్దుపోతోంది, టిఫిన్ కుర్రవాళ్లు టీ గ్లాసులు కడిగేసుకున్నారు, ఒక్క బాణమే కదా రేపు చూద్దామన్నాడు ఒక వాలంటీరు. తెల్లవారితే అదే గడ్డిలో పిల్లలు కబడ్డీకి వస్తారు, వట్టికాళ్లతో. ఆమె ఏమీ అనలేదు. వలకు అటు చివర నుంచి అందరినీ చెయ్యికి చెయ్యి అందేంత దూరంలో వరసగా నిలబెట్టి, గడ్డిని పాదంతో మెల్లగా దువ్వుకుంటూ నడిపించింది. మూడో వరసలో దొరికింది, ఈకల దాకా గడ్డి కింద దూరి ఉంది. ఆమె దాన్ని పెట్టెలో పెట్టి, పుస్తకంలో 48 అని రాసి, గేటు తాళం చెవులు వాచ్‌మన్ తాతకు ఇచ్చింది.